నలభై ఒకటో నంబరు పసుపు కలువ

నేను రిటైరు కావడానికి రెండేళ్ళ ముందు, నవంబరు వానలు వెలిసిన వారంలో, మా విభాగానికి ఒక పని అప్పగించారు. బోగోలు మండలంలో సముద్రం ఒడ్డు వెంబడి ఉన్న దొరువుల్లో ఏయే నీటి మొక్కలు పెరుగుతున్నాయో చూసి జాబితా ఇవ్వాలి. బయటి దేశాల నుంచి వచ్చి నీళ్ళని కప్పేసే మొక్కలు ఎక్కడైనా కనబడితే వాటిని విడిగా రాయాలి. గడువు ఆరు వారాలు. పనికి మేము ఇద్దరం: మా విభాగాధిపతి మాధవి మేడమ్, నేను.

నా ఉద్యోగం నెల్లూరులో ఒక ప్రభుత్వ కళాశాలలో, వృక్షశాస్త్ర విభాగంలో అటెండరు. మా ఆయన అక్కడే పనిచేస్తూ పోయారు. ఆయన ఉద్యోగం నాకిచ్చారు. నాది ఐదో తరగతి చదువు. విభాగంలో పైన హెడ్డు, ఆ తర్వాత లెక్చరర్లు, ఆ తర్వాత స్టోరు కీపరు, అందరికన్నా కింద అటెండర్లు. గాజు సామాను కడగడం, బల్లలు తుడవడం, ప్రాక్టికల్ పరీక్షలకి మొక్కలు తెచ్చిపెట్టడం మా పని. నేను వెంకటాచలం దగ్గర పల్లెలో పుట్టినదాన్ని. చిన్నప్పుడు చెరువులో దిగి తూటికూర కోసుకొచ్చి వండుకున్నాం, కరువు రోజుల్లో కలువ దుంపలు తవ్వి ఉడకబెట్టుకుని తిన్నాం. ఏ మొక్క ఏ నీళ్ళలో ఉంటుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అందుచేత చేరిన ఏడాదిలోనే మొక్కలు తెచ్చే పని మొత్తం నా నెత్తిన పడింది. ఇరవై ఆరేళ్ళు అదే చేశాను.

దొరువంటే తెలియనివాళ్ళకి చెబుతాను. మా కోస్తాలో నేలంతా ఇసుక. వాన నీరు ఆ ఇసుకలోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలి నిలబడుతుంది. మనిషి లోతుకి కాస్త ఎక్కువ తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరతాయి. అలా తవ్విన పెద్ద గుంటే దొరువు. ఒక పక్క ఏటవాలుగా దారి వదులుతారు. కడవలతో ఆ దారిన దిగి, ముంచుకుని, మళ్ళీ అదే దారిన ఎక్కి వస్తారు. ఆశపడి లోతు తవ్వితే ఉప్పు తగులుతుంది. అలల చప్పుడు వినబడేంత దగ్గరలో తియ్యటి నీళ్ళు తాగడం చూస్తే కొత్తవాళ్ళు నమ్మరు.

మా పని పద్ధతి కూడా చెప్పాలి. మొక్కని తెచ్చి, నొక్కి, ఆరబెట్టి, అట్టకి అంటించి బీరువాలో దాచడాన్ని హెర్బేరియం అంటారు. నేల మీద మొక్కని పేపరు మీద పరిస్తే చాలు. నీటి మొక్క అలా కాదు, ఒడ్డుకి తెస్తే తడిగుడ్డలా ముద్ద అయిపోతుంది. ట్రేలో నీళ్ళు పోసి, అందులో మొక్కని తేలనిచ్చి, కింద నుంచి కాగితాన్ని మెల్లగా పైకెత్తాలి. అప్పుడు అది నీళ్ళలో ఎలా ఉందో అలాగే కాగితం మీద కూర్చుంటుంది. దాన్ని పాత న్యూస్‌పేపరు మడతలో పెట్టి, రెండు చెక్కల మధ్య తాడుతో బిగించాలి, దాన్నే ప్రెస్సు అంటాం. రోజూ తడి పేపర్లు తీసి పొడివి పెట్టాలి. ఆరేసరికి పది రోజులు పడుతుంది. ఈలోగా రంగు పోతుంది. పసుపు గోధుమరంగుకి దిగుతుంది, నీలం నల్లబడుతుంది. అందుకే నీళ్ళ దగ్గరే ఒక పుస్తకంలో రాసుకోవాలి: నంబరు, చోటు, తేదీ, ఆకు ఎలా ఉంది, పువ్వు ఏ రంగు. దాన్ని సేకరణ పుస్తకం అంటారు. అది రాయడం లెక్చరరు పని. నీళ్ళలో దిగేది నేను, రంగు ముందుగా చూసేది నేను కాబట్టి మేడమ్ నా చేతికే ఇచ్చారు. నా అక్షరాలు పెద్దవి, మాటలు తక్కువ. ఆ పుస్తకానికి ఒక నియమం ఉంది. రాసింది రబ్బరుతో చెరపకూడదు, కాగితం చింపకూడదు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, కింద సరైనది రాసి, ఎవరు రాశారో వాళ్ళే సంతకం చెయ్యాలి. ఇరవై ఏళ్ళ పైగా నా పుస్తకంలో గీత లేదు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పుకోలేదు కానీ నాకు తెలుసు.

మొదటి మూడు వారాల్లో ముప్పై ఎనిమిది నంబర్లు రాశాను. చాలా వరకు తెలిసినవే. తామరాకు గుండ్రంగా పళ్ళెంలా ఉంటుంది, చీలిక ఉండదు, కాడ మధ్యలో తగులుకుని ఆకుని నీళ్ళపైకి ఎత్తుతుంది. కలువాకుకి అంచు నుంచి కాడ దాకా చీలిక ఉంటుంది, అది నీళ్ళ మీదే పడుకుంటుంది. అంతర తామర వేళ్ళు వేలాడేసుకుని క్యాబేజీ పువ్వులా తేలుతుంది. గుర్రపుడెక్కకి కాడ ఉబ్బి లోపల స్పంజిలా ఉంటుంది. ఇంకొకటుంది, చూడ్డానికి చిన్న కలువాకే, కానీ తెల్లటి పువ్వు ఆకు కాడలోంచే పుట్టినట్టు కనిపిస్తుంది. పువ్వు అంచంతా నూలుపోగుల్లా పీచు. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నేను అరగంట నీళ్ళలోనే నిలబడిపోయాను. మేడమ్ ఒడ్డు నుంచి, "పెంచలమ్మా, జలగలుంటాయి, పైకి రా" అని కేకేస్తే గాని కదల్లేదు.

నాలుగో వారంలో సముద్రానికి అరమైలు దూరంలో ఉన్న ఒక చిన్న పాళేనికి వెళ్ళాం. మగవాళ్ళు వేటకి పోతారు. ఆడవాళ్ళు చేపలు అమ్ముతారు, కొందరు సరుగుడు నారు పోస్తారు. ఆ దొరువు పక్కనే పోలమ్మ నారుమడి ఉంది. నాకన్నా నాలుగైదేళ్ళు చిన్నది, నోరు మాత్రం పెద్దది. సరుగుడు నారంటే జానెడు ఎత్తున సన్నటి పచ్చ దారాల్లా ఉంటుంది. ఇసుకలో పోసిన నారు కాబట్టి రోజుకి రెండు పూటలా తడపాలి. రెండు రోజులు నీళ్ళు లేకపోతే దానికి ఆయుష్షు లేదు. పోలమ్మ చిల్లుల మూతి బిందెలు రెండు చేతులా పట్టుకుని దొరువులో దిగుతుంది, ఎక్కుతుంది. నన్ను చూసి, "ఏందక్కా, గడ్డి పీక్కోడానికి నెల్లూరు నించి బస్సెక్కి వస్తారా? మా మేకకి చెప్పుంటే పీకిపెట్టుండేదే" అంది. నేను నవ్వలేదు. నవ్వితే పని ఆగుతుంది.

ఆ దొరువులో ఒక మూల గుండ్రటి చీలిక ఆకులు పరుచుకుని ఉన్నాయి. వాటి సందులోంచి పసుపు పువ్వులు నీళ్ళపైకి నిలబడి ఉన్నాయి. నేను నేరుగా అటే నడిచాను. మా వైపు కలువ అంటే తెలుపు, నీలం, ఎరుపు. పసుపు కలువ నేను మేడమ్ పుస్తకంలో బొమ్మగానే చూశాను. అది బయటి దేశం మొక్క, తీగలు పాకించి దొరువుకి దొరువు ఆక్రమిస్తుందని మేడమ్ చెప్పి ఉన్నారు. మా బీరువాలో అది లేదు. అప్పుడే వాన మొదలైంది. మేడమ్ గొడుగు కింద పెట్టెలు సర్దుకుంటున్నారు. అడుగు జారుతోంది. మామూలుగా అయితే నేను పువ్వు కాడ పట్టుకుని నీళ్ళలోకి చెయ్యి పెట్టి, అది ఎక్కడ పుట్టిందో అక్కడిదాకా పోయేదాన్ని. ఆ రోజు పోలేదు. పువ్వుని నీళ్ళ పైనే తుంచాను. పక్కనున్న ఆకుని వేరుగా తుంచాను.

ఒడ్డుకొచ్చి చూస్తే పేపరు మడతలు రెండే మిగిలాయి. ఇంకో రెండు మొక్కలు అప్పటికే ట్రేలో ఉన్నాయి. కళాశాలలో పేపర్లు లేకనా? బీరువా నిండా ఉన్నాయి. వచ్చే ఏడాదికి పనికొస్తాయని నేనే సగం దాచి, సగం తెచ్చాను. చిటికెన వేలంత పువ్వుకి ఒక నిండు పేపరు పెట్టడం నాకు మనసొప్పని పని. ఒక మడతలో ట్రేలో మొక్కలు రెండూ కలిపి పెట్టాను, అవి నాకు బాగా తెలిసినవి, నంబర్లు వేరుగానే కట్టాను. రెండో మడతలో ఆ ఆకు, ఆ పువ్వు పెట్టి ఒకే నంబరు కట్టాను. రెండూ ఒకటో కాదో కాలేజీలో తీరిగ్గా చూడొచ్చనుకున్నాను. పుస్తకంలో రాశాను: "41. ఆకు గుండ్రం, చీలిక ఉంది, నీటి మీద పడుకుంది. పువ్వు పసుపు, నీటిపైకి లేచింది."

తర్వాత పరీక్షలు వచ్చాయి. బయటి నుంచి పరీక్షాధికారి వస్తే ముప్పై మంది పిల్లల ముందు ముప్పై సీసాలు పెట్టాలి. పేపర్లు మార్చేటప్పుడు ఆ మడత చూశాను. పువ్వు ముడుచుకుపోయి ఆకుకి అంటుకుంది. ఆరాక చూద్దాంలే అనుకున్నాను. మరిచిపోయానని రాస్తే సగమే నిజమవుతుంది. జాబితా గడువు దగ్గర పడింది. మేడమ్ పుస్తకం చూసి జాబితా తయారుచేశారు. నలభై ఒకటి దగ్గర ఆగి, ప్రెస్సు విప్పి చూడమంటారా అని నేను అడగలేదు, ఆవిడా చూపించమనలేదు. "నువ్వు రాసిందైతే మళ్ళీ చూడక్కర్లేదు" అన్నారు. జాబితాలో ఆ నంబరుకి ఎదురుగా పసుపు కలువ, విదేశీ జాతి అని పడింది. మేడమ్ సంతకంతో అది పని అప్పగించిన ఆఫీసుకి పోయింది.

మూడు వారాల తర్వాత ఒక మంగళవారం పోలమ్మ ఫోను చేసింది. నంబరు నేనే ఇచ్చి వచ్చాను, కొత్త పువ్వు ఏదైనా పూస్తే చెప్పమని. పలకరింపు లేదు.

"ఏమక్కా, మా దొరువులో ఏందో ఇసపు చెట్టు ఉండాదని రాసినారంట గదా మీరు?"

విషపు చెట్టని ఎవరూ రాయలేదే అన్నాను.

"ఏదో ఒకటి రాసినారు. బేస్తవారం పొద్దున మందు కొడతారంట. నెల దినాలు ఆ నీళ్ళు తాగేదానికి లేదంట, చెట్లకి పోసేదానికి లేదంట. నా నారు నెల దినాలు నోరు కట్టుకోని ఉంటదా? తాగే నీళ్ళు ట్యాంకరు పంపిస్తాం అంటాండారు. ఆ బోరునీళ్ళకి పప్పు ఉడకదు. గడ్డి పీక్కోడానికి వచ్చినదానివి పీక్కోని పోక, రాసేది దేనికి?"

నేను చూస్తానని చెప్పి ఫోను పెట్టేశాను. ప్రెస్సు తాడు విప్పాను. నలభై ఒకటో మడత తెరిచి, పువ్వుని తడి దూదితో మెత్తబరిచి, భూతద్దం పెట్టాను. కలువ పువ్వుకి రేకులు వరసలు వరసలుగా ఉంటాయి. దీనికి పైపెదవి, కిందిపెదవి రెండే ఉన్నాయి. వెనకాల చిన్న కొమ్ములాంటిది ఉంది. ఇది కలువ కాదు. ఇలాంటిదే, ఇంకా చిన్న పువ్వుని వరిపొలాల గుంటల్లో చూసి ఉన్నాను కూడా. వానలో, కలువాకు పక్కన నిలబడేసరికి, నాకు కావలసింది నేను చూశాను.

మేడమ్ గదిలోకి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను: రెండు మొక్కల్ని ఒక నంబరు కింద పెట్టాను, పేపరు మిగల్చడానికి. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. సంతకం తనదని, చూడకుండా పెట్టింది తనేనని అన్నారు. ఆ తర్వాత ఒక ప్రశ్న వేశారు. పువ్వు కలువది కాదు, సరే. మరి ఆ ఆకు ఎవరిది? పసుపు కలువ ఆకు కూడా చీలికతోనే ఉంటుంది. ఆ రోజు దాని పువ్వు విచ్చుకోకుండా ఉండి ఉంటే? అప్పుడు మన జాబితా తప్పుదారిన పోయి కూడా నిజమే చెప్పినట్టవుతుంది. మందు కొట్టడమే సరి అవుతుంది.

ఆరిన ఆకుని చూసి అది ఏ కలువదో తేల్చలేం. మళ్ళీ నీళ్ళలో దిగాల్సిందే.

ఇంకో చిక్కు ఉంది. జాబితా మార్చాలంటే కళాశాల నుంచి కొత్త ఉత్తరం పోవాలి. ప్రిన్సిపాలుగారి సంతకం, తపాలా, అవతల ఆఫీసులో ఫైలు. తక్కువలో తక్కువ పది రోజులు. మందు పని చూసే ఆ ఆఫీసు పేరు ఇక్కడ అక్కర్లేదు, తప్పు వాళ్ళది కాదు. మేడమ్ ఫోను చేసి అడిగితే, దొరువు దగ్గరికి వచ్చే సూపర్‌వైజరు అసలు రికార్డులోనే మార్పు చూస్తే ఆ రోజుకి పని ఆపొచ్చని, మాటల మీద ఆపలేడని చెప్పారు. అసలు రికార్డంటే నా పుస్తకం.

బయటి పనికి అనుమతి దొరికేసరికి బుధవారం గడిచిపోయింది. గురువారం మొదటి బస్సుకి బయల్దేరి, బోగోలులో దిగి, షేరాటోలో పాళెం చేరేసరికి ఎనిమిది దాటింది. మందు డబ్బాలు వీపున తగిలించుకుని ఇద్దరు, వాళ్ళ పక్కన సూపర్‌వైజరు ఒడ్డున నిలబడి ఉన్నారు. పోలమ్మ నడుంలోతు నీళ్ళలో ఉంది, చేతిలో బిందెలు. పైకి రమ్మంటే రావడం లేదట.

"కొట్టుకోండ్రా, నా నెత్తిన కొట్టండి. నారుకి బదులు నేను చస్తా" అంటోంది. నన్ను చూడగానే, "అదిగో, రాసినామె వచ్చె" అంది.

సూపర్‌వైజరు మర్యాదస్తుడే. "మేడమ్, మొక్క పేరు మీరే రాసిచ్చినారు. పైనించి ఆర్డరు ఉండాది. ఇప్పుడు మీరే కాదంటే నేనేం జెయ్యాలి చెప్పండి" అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. మేడమ్ రెండు గంటలు టైము అడిగారు. ఇచ్చాడు.

నేను చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని దిగాను. పసుపు పువ్వులు అలాగే నిలబడి ఉన్నాయి, ఈసారి ఇంకా ఎక్కువ. ఒకదాని కాడ పట్టుకున్నాను. వేళ్ళు కిందికి జారిస్తూ పోయాను. కాడ అడ్డంగా తిరిగింది. కలువాకు కింద నుంచి పోయింది, దానికి తగులుకోలేదు. అక్కడ నుంచి ఈకల్లాంటి సన్నటి ఆకులు మొదలయ్యాయి. ఇంకా పోయాను. మూరెడు పొడవు పోయాక కాడ అయిపోయింది. వేరు లేదు. నేలలో దిగలేదు. మొత్తం మొక్క నా చేతిలోకి వచ్చేసింది.

దాన్ని నీళ్ళపైకి ఎత్తగానే చిటపటమని సన్నటి చప్పుడు వచ్చింది, నూనెలో ఆవాలు వేసినట్టు. పోలమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ ఈకల నిండా ఆవగింజంత తిత్తులు ఉన్నాయి. ఒడ్డుకి తెచ్చి, తెల్ల పింగాణీ పళ్ళెంలో నీళ్ళు పోసి వేసి, భూతద్దం పెట్టాను. కొన్ని తిత్తులు తేటగా ఉన్నాయి. కొన్నిటిలో నల్లగా ఏదో ఉంది. ఒకదానిలో దోమపిల్ల తోక బయటికి, తల లోపలికి ఇరుక్కుని ఉంది. ఇంకా కదులుతోంది. మేడమ్ ఆ మొక్క లాటిన్ పేరు చెప్పారు. అది నాకు సరిగా పలకడం రాదు. వేరు లేదు కాబట్టి నేల నుంచి తినదని, తిత్తులకి తలుపులుంటాయని, పురుగు తగిలితే తలుపు లోపలికి తెరుచుకుని నీళ్ళతో పాటు దాన్ని పీల్చుకుంటుందని చెప్పారు. ఉప్పు తగిలితే, నీళ్ళు పాడైతే ఈ మొక్క ఉండదట. సూపర్‌వైజరు వంగి చూశాడు. మందు డబ్బాలవాళ్ళు డబ్బాలు దించి వంగారు. పోలమ్మ అందర్నీ నెట్టుకుని తల దూర్చింది.

"వేరు లేదు, నోరుండాది. నా మాదిరే" అంది.

ఆ మొక్క ఉండబట్టే ఆ దొరువులో దోమలు లేవా అని ఆమె అడిగింది. అంత మాట నేననను అన్నాను. చూసింది ఒక్క దోమపిల్లని.

పువ్వు సంగతి తేలింది. ఆకు సంగతి తేలాలి. సూపర్‌వైజరు కూడా అదే అడిగాడు. నేను మళ్ళీ దిగి ఆకు కాడ పట్టుకుని అడుగుదాకా పోయాను. బురదలో గుడ్డు లాంటి దుంప తగిలింది. చుట్టూ వేళ్ళతో తడిమాను. పసుపు కలువ అయితే దుంప నుంచి పక్కకి తీగలు పాకి, వాటి కొసల్లో పిల్లమొక్కలు వస్తాయి. ఇక్కడ తీగ లేదు. ఆకు మీద గోధుమరంగు మచ్చలూ లేవు, ఆ విదేశీ దాని ఆకుకి ఉంటాయని బొమ్మలో చూశాను. కానీ లేవని చెబితే రుజువు కాదు, ఉన్నది చూపించాలి. ఒక మొగ్గ దొరికింది. బయటంతా పచ్చగా ఉంది. ఒడ్డున కూర్చుని బొటనవేలి గోటితో నిలువునా చీల్చాను.

లోపల మధ్యలో పసుపు కనబడింది. సూపర్‌వైజరు వెంటనే, "పసుపే గదమ్మా ఇది" అన్నాడు. పోలమ్మ మొహం వాడిపోయింది.

"అది పుప్పొడి ఉండే కేసరాలు. ఏ రంగు కలువకైనా మధ్యలో అవి పసుపే. రేకు చూడు" అన్నాను. ఒక రేకు ఊడదీసి, నా తెల్ల జాకెట్టు చేతి మీద పెట్టాను. తెలుపు మీద దాని కొసన లేత నీలం కనబడింది. అతనికి ఇంకా అనుమానమే. సరే, కూర్చోమన్నాను. ఎండ నీళ్ళ మీద పడి, తొమ్మిదిన్నర దాటాక, రెండు మొగ్గలు వాటంతట అవే విచ్చుకున్నాయి. రెండూ నీలం. మా ఊరి చెరువులో ఉన్నదే, నేను చిన్నప్పుడు దుంప తిన్నదే.

అతను టోపీ తీసి తల గోక్కుని, "సరే మేడమ్, నేను చూసినాను. నాకు కాయితం కావాల" అన్నాడు.

మేడమ్ నా వైపు చూశారు. మళ్ళీ పరిశీలించగా అని తను కింద రాస్తే సరిపోతుందేమో, గీత కొట్టనక్కర్లేదేమో అని నెమ్మదిగా అన్నారు. ఆవిడ నా మంచికే అన్నారు. నా పుస్తకంలో గీత లేదన్న సంగతి ఆవిడకీ తెలుసని అప్పుడు నాకు అర్థమైంది. నేను ఒప్పుకోలేదు. పైన తప్పు అలాగే ఉండి కింద ఒప్పు ఉంటే, రేపు చదివేవాడు దేన్ని నమ్ముతాడు? స్కేలు పెట్టి నలభై ఒకటో నంబరు మీద ఒక్క గీత కొట్టాను. కింద రాశాను: "ఇది రెండు మొక్కలు. ఆకు నీలి కలువది. పసుపు పువ్వు వేరు లేని తిత్తుల మొక్కది. రెండూ ఒకే పేపరులో పెట్టి ఒకే నంబరు వేసింది నేను." సంతకం పెట్టాను. నా కింద మేడమ్ పెట్టారు. సూపర్‌వైజరు ఫోనుతో ఆ పేజీ ఫోటో తీసి పైకి పంపి, జవాబు వచ్చేదాకా వేపనీడలో కూర్చున్నాడు. పదకొండుకి డబ్బాలు ఆటోలో ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

పోలమ్మ అప్పటికే నారు తడపడం మొదలుపెట్టింది. పొద్దుటి తడి ఆలస్యమైందని ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగు సార్లు దిగి ఎక్కాక నా దగ్గర ఆగింది.

"ఒక పేపరు కోసరమా అక్కా ఇదంతా?"

అవునన్నాను.

"నాతో చెప్పుంటే మా ఇంట్లో కరెంటు బిల్లులు ఇచ్చుండేదాన్ని గదా. కట్ట ఉండాది" అని మళ్ళీ దొరువులో దిగింది.

ఆ ఏడు ఆమె నారు వానలకి ముందే తోటలవాళ్ళు పట్టుకుపోయారని ఫోనులో చెప్పింది. కళాశాల ఉత్తరం పదమూడో రోజుకి చేరింది. నాకు ఎవరూ మెమో ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే తీసుకునేదాన్ని.

ఇప్పుడు మా మనవరాలు ఫోను చూపించి పువ్వు పేరు చెబుతుంది. మొన్న ఒక గుంట దగ్గర కలువాకుల మధ్య ఇదే పసుపు పువ్వు కనబడితే ఫోటో తీసింది. ఫోను కలువ అంది. తప్పు పట్టను, ఫోను కూడా ఒడ్డునే నిలబడి చూస్తుంది. పిల్లని చెప్పులిప్పి నీళ్ళలో దించాను. కాడ పట్టుకుని పోతూ పోతూ, వేరు లేదని తనే కేకేసింది.

రిటైరైన రోజు కొత్త అటెండరుకి తాళాలు, భూతద్దం, పింగాణీ పళ్ళెం అప్పగించి, ముందుగా ఆ గీత ఉన్న పేజీ తీసి చదివించాను. ఆ తర్వాత బీరువాలో నేను దాచిన పేపర్ల కట్టలన్నీ కిందికి దింపి, పనికి పోయిన ప్రతిసారీ అన్నీ తీసుకుపొమ్మని చెప్పాను. కాగితం పొదుపు చెయ్యొచ్చు. నంబరు పొదుపు చెయ్యకూడదు. ఒక మొక్కకి ఒక నంబరు, పువ్వు ఎక్కడ పుట్టిందో చెయ్యి పెట్టి చూశాకే.